భుజానికి పైనున్న గోడ

అంబుజానికి పద్నాలుగేళ్లప్పుడు నెత్తికెక్కిన ఇసక బొచ్చె ముప్పై నాలుగేళ్లు వచ్చినా దిగలేదు. పుట్టింది తమిళ సీమలో, మేల్పాడిలోని ఒక తెలుగింట. తండ్రి బావులు తవ్వేవాడు, పని లేనప్పుడు రాయి కొట్టేవాడు. గుడియాత్తం నెల్లూరుపేటలో బేల్దారి పనిచేసే తంగవేలుకు ఆమెను ఇచ్చి చేశారు. మొగుడు గోడ కట్టడం, పెళ్లాం ఇటుకా సిమెంటు మాలూ అందివ్వడం, అదే సంసారమైపోయింది. ఆ పక్క కట్టడాల దగ్గర చిల్లర పనికి వచ్చే కూలీలను చిత్తాళ్లంటారు. చిత్తాలుగా చేరిన మొగవాడు నాలుగేళ్లకు తాపీ పడతాడు, పదేళ్లకు మేస్త్రి అవుతాడు. ఆడది మాత్రం చిత్తాలుగా చేరి, చిత్తాలుగానే నడుం వంగి, చివరికి మూలన కూర్చుంటుంది. ఇది ఎవరూ రాసి పెట్టిన చట్టం కాదు గానీ చట్టం కంటే గట్టిగా నడిచేది.

తంగవేలు మాట తక్కువ మనిషి. చెప్పాల్సిందంతా తాపీతోనే చెప్పేవాడు. అతను పూత వేసిన గోడ మీద చీమ కూడా జారిపోతుందని వీధిలో అనుకునేవాళ్లు. ఆ పేరు మీదే కాట్పాడి, వేలూరు దాకా పనులొచ్చేవి. తొంభై ఒకటిలో, సిమెంటు కోసం పర్మిట్లు పట్టుకుని తిరిగే కాలం పోయి, చెరకు పొలాలు ప్లాట్లై ఇళ్లు లేస్తున్న రోజుల్లో, పైకెక్కి పనిచేసేందుకు కట్టిన సారవ కట్టె విరిగి అతను కుడి భుజం మీద పడ్డాడు. మూడు నెలలు కట్టుతో కూర్చున్నాడు. ఎముక అతికింది. చెయ్యి మాత్రం భుజం ఎత్తు దాకా వచ్చి ఆగిపోయేది. ఇంకొంచెం పైకి లేపితే కళ్లలో నీళ్లు తిరిగేవి.

కట్టు విప్పాక మొదటి పని కాట్పాడిలో ఒక గది పైకప్పుకు పూత. తంగవేలు సారవ ఎక్కి తాపీ ఎత్తబోయాడు. చెయ్యి రాలేదు. ఎడమ చేత్తో కుడి మోచేతిని పైకి తోసి చూశాడు. తాపీలోని మాలంతా జారి అతని మొహానే పడింది. కింద బొచ్చె పట్టుకుని నిలబడ్డ అంబుజం గమ్మున పోయి తలుపు మూసి గడియ పెట్టింది.

"దిగు. ఇట్లియ్యి" అన్నది.

"నీకేం తెలుసునే?"

"పదైదేండ్లుగా నీ చెయ్యినే కదా చూస్తాండా. దిగు."

మొదటి రోజు ఆమె వేసిన పూత సగం కిందికి రాలింది. తంగవేలు కింద నిలబడి, "విసరొద్దు, నెట్టు. మణికట్టు తిప్పు. గోడ నీళ్లు తాగిందా చూడు, తాగినాక పలక లాగు" అని చెప్తూ పోయాడు. అతను పెళ్లాంతో అంతగా మాట్లాడింది ఆ వారంలోనే. నెల తిరిగేసరికి ఒక పద్ధతి కుదిరింది. పైకప్పూ, గోడలో భుజానికి పైనున్న భాగమూ అంబుజం వేసేది. అది ఆరకముందే కింది భాగాన్ని తంగవేలు అందుకుని కలిపేసేవాడు. ఇంటివాళ్లొస్తే అతను బయటికి పోయి మాట్లాడేవాడు. ఆమె తాపీ కింద పెట్టి బొచ్చె ఎత్తుకునేది. ఈ సంగతి మాలు కలిపే చిన్నమణి ఒక్కతికే తెలుసు. చిన్నమణి కడుపులో పడిన మాట బావిలో పడిన గుండు లాంటిది. అట్లా మూడేళ్లు గడిచాయి.

గుడియాత్తం బజారులో నోటుపుస్తకాలూ పెన్నులూ అమ్మే శెట్టి కొట్టు ఒకటుండేది. ఆ కొట్టు పద్మనాభన్‌కు రేడియో పిచ్చి. గుడ్డ సంచిలో టేపు రికార్డరు వేసుకుని, మోపెడ్ మీద ఊళ్లు తిరిగి, మనుషుల కష్టసుఖాలు పట్టి రేడియో స్టేషనుకు పంపేవాడు. ఆదివారం పొద్దున ఎనిమిది గంటలకు, పావుగంట సేపు, తమిళంలో అవి వచ్చేవి. పొన్నైలో బావి ఎండిపోయిన రైతు, ఆలంగాయంలో కొండ మీంచి చింతపండు దింపుకొచ్చే ముసలామె, బస్టాండు పక్కన ఎస్టీడీ బూత్ పెట్టుకున్న కాళ్లు లేని మనిషి, అందరూ ఆ టేపులో మాట్లాడినవాళ్లే. పద్మనాభన్ ఇంట్లో తెలుగే. మాట్లాడితే గలగలా పారేవాడు గానీ, తెలుగు అక్షరం ఎదురుపడితే మాత్రం పలకరించకుండా తప్పుకుపోయేవాడు.

తొంభై నాలుగులో, శివరాత్రి పోయిన వారం, అతను కాట్పాడిలో రెండంతస్తుల కట్టడం దగ్గరికి వచ్చాడు. ఈసారి కట్టడాల దగ్గర ఆడవాళ్ల గురించి చెప్పించాలని. మధ్యాహ్నం అన్నాల వేళ. తంగవేలు ఇసక లారీ కోసం పోయున్నాడు. ఆడవాళ్లు మైకు చూసి కొంగు నోట్లో కుక్కుకున్నారు.

"అంబుజాన్ని అడుగప్పా. ఆమెకు నోరుండాది" అన్నది చిన్నమణి.

"భయపడొద్దమ్మా, నేనూ మనోడే" అన్నాడు పద్మనాభన్. "అయితే మైకు ముందర మాత్రం అరవంలో చెప్పాల. వినేవాళ్లు అరవం వాళ్లు కదా."

"ఏ బాసైతే ఏమప్పా, కడుపులో ఉండేది ఒకటే కదా" అని అంబుజం తిత్తి విప్పింది. ఇన్ని ఇళ్లు కడుతున్నాం, ఒక్కదాని దగ్గరా ఆడది చాటుకు పోయేదానికి చోటు లేదన్నది. తెల్లారకముందు పోయొచ్చి సాయంత్రం దాకా బిగబట్టుకునే సంగతి చెప్పింది. సారవ కట్టెకు ఉయ్యాల కట్టి బిడ్డల్ని పెంచేది చెప్పింది. కింద పడి చస్తే ఏ పుస్తకంలోనూ మా పేరుండదన్నది. పద్మనాభన్ తల ఊపుతూ విని, చివరికి అడిగాడు: "ఇన్నేండ్లుగా మోస్తాండారు. ఒక్కరోజన్నా మనమే తాపీ పట్టుకోవాలని అనిపించలేదా?"

అంబుజం అన్నం కలుపుతూనే చెప్పేసింది.

"అనిపించేదేంది సార్, మూడేండ్లుగా పట్టుకొనే ఉండా. పైకప్పుకూ పైగోడకూ పూత నాదే. మా ఆయనకు చెయ్యి లేవదు."

చిన్నమణి నోట్లో ముద్ద మింగలేదు, కక్కలేదు. టేపు తిరుగుతూనే ఉంది. అన్నాక గానీ అంబుజానికి తానన్నది తెలియలేదు. మైకు కట్టేశాక పద్మనాభన్ సంచి పట్టుకుంది. "అప్పా, ఆ కడపటి మాట తీసేస్తావా?"

"తీసేయొచ్చు తల్లీ. టేపు నా కాడనే ఉండాది" అన్నాడతను. "శుక్రవారం దాకా ఆలోచించుకో. కొట్టు కాడికొచ్చి ఉంచమంటే ఉంచుతా. రాకపోతే కోసేస్తా. నువ్వు సరే అనంది నీ మాట ఊరి మిందికి పోదు."

పోకుంటేనే చాలు, ఆ మాట పోతుంది. అయినా శుక్రవారం సాయంత్రం అంబుజం బస్సు దిగి నేరుగా బజారుకు పోయింది. ఎందుకు పోయిందో ఆమెకే తెలియదు. పద్మనాభన్ ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి, చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించి, టేపు తిప్పాడు.

"ఎవరప్పా ఇది?" అన్నది గట్టిగా. కొట్లో ఉన్నవాళ్లు తిరిగి చూశారు. "మా పెద్దమ్మ మాదిరి మాట్లాడుతాండాది!"

"నువ్వే తల్లీ."

ఆమె కదలకుండా విన్నది. పూత నాదే అన్న చోట ఆ గొంతు తడబడలేదు. దొంగతనం ఒప్పుకున్నట్టు లేదు. ఊరు పేరు చెప్పినట్టు చెప్పింది. మూడేళ్లుగా మూసిన తలుపుల వెనక చేసిన పని, పరాయి మనిషి చెప్తున్నట్టు వింటుంటే, అవును కదా, ఈమె అంత పని చేసింది కదా అనిపించింది. చెవులవి తీసి పక్కన పెట్టింది.

"పూత నాదే అనేది ఉండనీ. ఆయన చెయ్యి లేవదనే మాట ఒక్కటి కోసేయప్పా. ఆయప్ప మానం తీసేది నాకొద్దు."

పద్మనాభన్ సరేనని తల ఊపాడు.

ఇంటికి పోయి బియ్యంలో రాళ్లేరుతూ, మైకు ముందర అన్నదంతా మొగుడికి చెప్పింది గానీ, ఒక మాట కోయించిన సంగతి చెప్పలేదు. తంగవేలు గోడకానుకుని కూర్చుని విన్నాడు.

"రేడియోలో చెప్పేదానికి ముందర నా కాడ చెప్పింటే?"

"చెప్పింటే నువ్వు వద్దనింటావు."

"అవును, వద్దనింటా."

"అందుకే చెప్పలా."

అంతే.  ఆదివారం పొద్దున్నే చొక్కా తొడుక్కుని వీధి చివర టీ అంగడికి పోయాడు. వినేదేదో నలుగురి ముందరే విందామని. అంబుజం ఇంట్లో ట్రాన్సిస్టరు పెట్టింది. చాటు లేని సంగతి వచ్చింది, ఉయ్యాల సంగతి వచ్చింది, పైపూత మాట కూడా వచ్చింది. వాకిట్లో ఆడవాళ్లు గుమిగూడి చప్పట్లు కొట్టారు.

పది నిమిషాలకు తంగవేలు తిరిగొచ్చాడు. మొహం ఇటుక రంగులో ఉంది.

"చెయ్యి లేవదని చెప్పలేదా నువ్వు?"

"చెప్పినా. నేనే కోసేయమన్నా. నీకు నామోషీ అని."

"మనతో పనిచేసే ఆ వేలాయుధం మేస్త్రి ఏమన్నాడో తెలుసా? పెండ్లాం సారవ మింద, నువ్వు నీడలోనా మేస్త్రీ, నాకూ అట్లాంటిదాన్ని చూడరాదా అని! అంగడంతా నవ్వినారు." "చెయ్యి సంగతి ఊరంతా తెలిసిపోతాదని రెండు దినాలుగా మనసు గట్టి చేసుకొన్నానే. చెయ్యి పోయినోడంటే పోతాది. పెండ్లాం రెక్కలు తినే సోమరోడంటే యాడికి పోయేది?"

 మేలు చేస్తున్నాననుకుని, అంబుజం అతనికి ఉన్న ఒక్క ఆసరానూ తానే కోయించింది. ముందు కొంగుతో కళ్లొత్తుకుని, తర్వాత పోయి అతని పక్కన కూర్చుంది. అతను లేచి పోలేదు.

మంగళవారం కట్టడం దగ్గరికి జానకిరామన్ వచ్చాడు. హెడ్మాస్టరుగా రిటైరైన పెద్దమనిషి. పోయినేడు కాట్పాడిలో ఆయన ఇంటికి పూత వేసింది వీళ్లే. రేడియో విని మోపెడ్ మీద వచ్చాడు.

"తంగవేలు చేతి పని అని నమ్మి ఇచ్చాను నీకు. చిత్తాలు చేత వేయించినావా? రేపు పెచ్చులూడితే ఎవర్ని అడగాలి?" అన్నాడు తమిళంలో, బడిపిల్లల్ని నిలదీసినట్టు.

వేలాయుధం మరో గోడ దగ్గర పని ఆపి చూస్తున్నాడు. తంగవేలు చేతులు కడుక్కున్నాడు. "మీ ఇంటికి పోదాం సార్. అంబుజం, నువ్వూ రా" అన్నాడు. ఏం జరుగుతుందో చూద్దామని వేలాయుధమూ వెంట నడిచాడు.

జానకిరామన్ ఇంటి ముందు గదిలో తంగవేలు గోడ పక్కన నిలబడి కుడి చెయ్యి లేపాడు. అది భుజం ఎత్తుకు వచ్చి ఆగింది. ఇంకా లేపాడు. మెడ నరాలు తేలాయి గానీ చెయ్యి లేవలేదు. అంబుజం "చాలు" అంటున్నా ఆపలేదు.

"ఇంతే సార్. సారవ మిందనుంచి పడినాక ఇంతే. ఇక్కడికి నాది. దీనికి మిందుండేదంతా ఆమెది. రెండూ యాడ కలిసినాయో మీరే చూపించండి."

జానకిరామన్ గోడను అరచేత్తో తడిమాడు. తాళంచెవితో కొట్టి విన్నాడు. కిటికీలు మూయించి, టార్చి గోడకు ఆనించి పక్కనుంచి వెలుగు వేయించాడు. అట్లా వేస్తే వెంట్రుకంత మిట్టైనా నీడ పడుతుంది. నీడ పడలేదు. వేలాయుధం కూడా వంగి చూశాడు. పాతికేళ్లుగా తాపీ పట్టినవాడు, అతనికీ అతుకు దొరకలేదు. "భుజం పోయిందని నాకు తెలియదప్పా" అన్నాడు చివరికి, నేల చూస్తూ.

జానకిరామన్ టార్చి ఆర్పాడు. తప్పైందని అనలేదు, ఆయన అలవాటు కాదది. "నీ పేరేమిటమ్మా?" అన్నాడు. రెండు నెలలు ఆ ఇంట్లో ఆమె పనిచేసినా పేరడగడం అదే మొదలు. కాఫీ తెప్పించాడు. తర్వాత నెలలో కూతురు శాంతిప్రియ కోసం మేడ మీద గది వేయిస్తూ, "పైకప్పుకు అంబుజమే రావాలి" అని కబురు పెట్టాడు.

అన్నీ అంత సులువుగా కుదరలేదు. ఆడదానికి మేస్త్రి కూలి ఇవ్వనన్నాడు కాంట్రాక్టరు. ఆడదానితో ఒకే సారవ ఎక్కేది లేదన్నారు కొందరు మేస్త్రులు. నెలన్నర ఇద్దరికీ పెద్ద పనులు లేవు. ఊళ్లో చిన్న ఇళ్లు, గోడ పగుళ్లు, మెట్లు, ఏది దొరికితే అది చేశారు. చివరికి ఇళ్లు ఎక్కువై పనివాళ్లు తక్కువయ్యేసరికి కాంట్రాక్టరే మెత్తబడ్డాడు. మేస్త్రి కూలికి కొంచెం తక్కువే ఇచ్చాడు. ఆ కొంచెం కోసం అంబుజం నోరు ఊరుకోలేదు, రెండేళ్లకు అదీ వచ్చింది. ఆలోపు చిన్నమణి చేతికి కూడా తాపీ ఇచ్చింది. కింద నిలబడి "విసరొద్దు, నెట్టు" అని అరిచే పని తంగవేలుది. ఆ పనిలో అతనికి మాటలకు కొదవ లేకపోయింది.

ఆదివారాలు మాత్రం ఎనిమిది గంటలకు ట్రాన్సిస్టరు ముందర ఇద్దరూ కూర్చునేవాళ్లు. పద్మనాభన్ ఒకసారి అగ్గిపెట్టెలు అంటించే పిల్లనూ, ఒకసారి పాలారు ఏటి పక్కన ఉప్పునీళ్లు తాగే రైతునూ పట్టుకొచ్చేవాడు. వాళ్లు మధ్యలో నసిగితే అంబుజం రేడియో మీదికి వంగేది.

"ఊ, చెప్పమ్మా. ఆపొద్దు, చెప్పు."

"వాళ్లకు వినపడదే" అనేవాడు తంగవేలు.

"వినపడకపోతే పోనీ. నువ్వు గమ్మునుండు, ఆ పిల్ల ఏందో చెప్పబోతాండాది" అనేది అంబుజం, గుండీ తిప్పి శబ్దం పెంచుతూ.