నూనె తేలే కూర

పోయిన నెల కొల్లూరులో మా కాలనీ లిఫ్టు ఆగిపోయిన రోజున, ఇద్దరు పొరుగువాళ్లు నా రెండు రెక్కలు పట్టుకొని మూడో అంతస్తు దాకా ఎక్కించారు. మంచివాళ్లు, ఒక్క మాట అనలేదు. కానీ ఎవరి చెయ్యీ పట్టుకోకుండా డెబ్బై ఏళ్లకు వచ్చినవాణ్ణి, ఆ మెట్లు ఎక్కుతున్నంతసేపూ తల ఎత్తలేకపోయాను. ఇంట్లోకి వచ్చి కుర్చీలో కూర్చున్నాక, ఈ మోకాళ్ల సంగతి తేల్చుకోవలసిందే అని గట్టిగా అనుకున్నాను.

అప్పటికి నాలుగు నెలల ముందే సంగారెడ్డిలో డాక్టరమ్మ చెప్పింది, ఎనిమిది కిలోలు తగ్గితే తప్ప ఆపరేషన్ చెయ్యనని. మాంసం, పాలు, నెయ్యి మానేసి జొన్నలు, పప్పులు, ఆకుకూరలు, కూరగాయలే తినమన్నది. మాట ఇచ్చాక తప్పడం మా వంశంలో లేదు కనుక ఆ రోజు నుంచే మానేశాను. మొదటి రెండు నెలల్లో ఐదు కిలోలు తగ్గాను, ఆ తరువాత తూకం ముల్లు కదలలేదు. ఏమీ తినకుండానే ఇట్లా ఎందుకు అవుతున్నదని, ఆ మెట్లెక్కి వచ్చిన రాత్రి నేను విసుక్కుంటుంటే, నా భార్య నూనె సీసా చూపించింది.

ఆమెతో చాలా వాదించాను. అది కుసుమ నూనె, గానుగలో ఆడించినది, గింజ నుంచి వచ్చినది, మరి గింజ చెట్టుదే కదా అన్నాను. మా తాతగారి కాలంలో జోగిపేట వైపు మా చేలలో పండిన కుసుమలు గానుగకు వెళ్లి కుండల నిండా నూనెగా తిరిగివచ్చేవని, ఆ నూనె తాగి పెరిగిన ఇల్లని కూడా చెప్పాను. ఆమె అంతా విని ఒక్క మాట అన్నది.

"చెట్టుకు పుట్టిందని తూకంల తక్కువైతదా? మీ తాత నూనైనా నూనెనే గదా."

ముప్పై ఏళ్లు పటాన్‌చెరులో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో పనిచేసినవాణ్ణి, ఏ డబ్బాలో ఎంత ఉందో గీత చూడకుండా నమ్మే అలవాటు లేదు. కొత్త సీసా మీద పెన్నుతో గీత గీశాను, వారం తరువాత చూద్దామన్నాను. ఆమె పోపుకు పోసేది చెంచాడే. పచ్చడి మీద, పప్పు మీద, రొట్టె మీద పోసుకునేది నేను. వారం తిరిగేసరికి సీసా సగానికి దిగింది. అందులో ముప్పాతిక నా చేతి మీదుగానే పోయిందని ఒప్పుకోక తప్పలేదు.

ఒప్పుకున్నా చెయ్యి ఊరుకోలేదు. కూర మీద నూనె తేలకపోతే ఎవరో చూస్తున్నట్టు, ఏదో తగ్గిపోయినట్టు ఉండేది. అది ఎక్కడి నుంచి వచ్చిందో నాకు తెలుసు.

నేను ఉద్యోగంలో చేరేనాటికి మాకు మిగిలింది పేరు ఒక్కటే. చేలు పోయాయి, నాన్న పోయాడు, అమ్మా నేనూ పటాన్‌చెరులో ఒక రేకుల గదిలో కిరాయికి ఉండేవాళ్లం. అయినా మధ్యాహ్నం క్యాంటీనులో నా డబ్బా మూత తీస్తే కూర మీద వేలెడు మందాన ఎర్రటి నూనె నిలిచి ఉండేది. మా వైపు కలిగిన ఇంటి గుర్తు అదే. చుట్టానికి వడ్డించేటప్పుడు కూరను అడుగు నుంచి కాక పైపైన తేలిన నూనెతో సహా ముంచి వెయ్యడం మర్యాద. నేను డబ్బాను బల్ల మధ్యకు జరిపి మరీ మూత తీసేవాణ్ణి. కోస్తా నుంచి వచ్చి మాతో పనిచేసిన ఒక మిత్రుడు రోజూ ఏదో ఒకటి అనేవాడు.

"దొరగారూ, ఇందులో కూరెక్కడుందండీ? ఈత కొట్టి వెతుక్కోమంటారా?"

అందరూ నవ్వేవారు, నేను నవ్వేవాణ్ణి కాదు. ఆ ఎగతాళే నాకు సన్మానంలా ఉండేది.

ఒక రోజు మిషను చెడిపోయి మమ్మల్ని మధ్యాహ్నానికే పంపేశారు. ఇంటికి వెళ్లేసరికి అమ్మ తింటున్నది. జొన్న రొట్టె, ఉడకబెట్టి ఉప్పు చల్లిన తోటకూర, పక్కన రోట్లో నూరిన నువ్వుల పొడి. కంచంలో ఎక్కడా నూనె చుక్క లేదు. పొయ్యి పక్క గిన్నె అడుగున ఉన్న కాస్త నూనె మర్నాటి నా డబ్బాకు అని అడగకుండానే తెలిసిపోయింది. అయినా అడిగాను.

"నాకు నూనె అరుగదు బిడ్డా," అన్నది, నా ముఖం చూడకుండా.

మర్నాడు డబ్బాలో నూనె వద్దని నేను అనలేదు. అంటే ఆమె దాచుకున్నది బయటపెట్టినట్టవుతుందని నాకు నేను చెప్పుకున్నాను. అసలు సంగతి, బల్ల మధ్యలో డబ్బా మూత తీసే ఆ క్షణాన్ని వదులుకోలేకపోయాను.

ఇదంతా తలచుకున్నాకనే నూనె సంగతి డాక్టరమ్మను సూటిగా అడిగాను. నూనె విషం కాదు, ఒంటికి కొంత కొవ్వు కావాలి అన్నది. అది నువ్వుల్లో, పల్లీల్లో, అవిసెల్లో పీచుతో సహా దొరుకుతుందట, రోజూ కాసిన్ని తింటే చాలట. విడిగా పోసుకునే నూనె మాత్రం కడుపు నింపదు, బరువు మాత్రం పెంచుతుంది, ముల్లు ఆగిపోయినవాడు మొదట మానవలసింది అదే అన్నది. సరే, బరువు దిగేదాకా పోసే నూనె లేదు అని ఇంటికి వచ్చి చెప్పాను. ఇప్పుడు ఉల్లిగడ్డను కాసిన్ని నీళ్లు చల్లి మగ్గిస్తున్నాము, పోపు గింజలను వట్టి మూకుట్లో వేయిస్తున్నాము, దింపే ముందు నువ్వుల పొడి కలుపుతున్నాము. మొదటి పది రోజులు జ్వరం వచ్చినవాడి పథ్యంలా ఉంది. పదకొండో రోజు తోటకూరకు తోటకూర రుచి ఉందని తెలిసింది. మొన్న బరువు చూసుకుంటే కిలో తగ్గాను. ఇంకా రెండు ఉన్నాయి, అవీ దింపుతాను.

అమ్మ చివరి ఏడాది దాకా సన్నగా, నిటారుగా, తన కాళ్ల మీద తాను నడిచింది. ఆమె తిండి ఎంత ఆరోగ్యమైనదో అని ఈ మధ్య చుట్టాలు మెచ్చుకుంటుంటే నాకు నచ్చడం లేదు, ఎందుకంటే ఆమె దాన్ని ఎంచుకోలేదు. జోగిపేట వైపు కుసుమ చేలు ఇప్పుడు కనబడవు, ఐదు లీటర్ల నూనె డబ్బా లేని ఇల్లూ కనబడదు. పెళ్లి భోజనంలో వడ్డించే మనిషి నూనె తేలే వంకాయ కూరతో వస్తే ఆకు మీద చెయ్యి అడ్డం పెడుతున్నాను. అతను ఇంకోసారి అడుగుతాడు, నేను ఇంకోసారి వద్దంటాను. అట్లా వద్దనే వీలు అమ్మకు ఒక్క పూటైనా దొరకలేదు.