ఇరవై అంగల అవతల హన్మయ్య

యాలాల్‌లో పక్క చేను వెంకటయ్య దినానికి సుమిత్రమ్మ కారు పదకొండు గంటల ఐదు నిమిషాలకు చేరింది. ఆమె ఇంజను ఆపింది. తాళం తీసి సంచిలో వేసుకుంది. సందర్భానికి తగినట్టు ముఖం సర్దుకుని తలుపు తెరిచింది. అప్పటిదాకా నోరెత్తని స్టీరియో సరిగ్గా ఆ క్షణంలో తనంతట తాను లేచి, ఉన్నంత గొంతుతో పెళ్లి బ్యాండు ఎత్తుకుంది.

పటానికి దండ వేస్తున్న పెద్దకొడుకు చేయి గాలిలో ఆగింది. వంటల దగ్గర ఒకాయన గరిటెను తాళానికి తగ్గట్టు రెండుసార్లు ఆడించి, ఎక్కడున్నాడో గుర్తొచ్చి, దాన్ని పప్పులో దించాడు. "తలుపు ముయ్యమ్మా, తలుపు!" అని ఎవరో అరిచారు. ఆమె మూసింది. బ్యాండు పక్క ఊరికి వెళ్లిపోయినట్టు సన్నబడింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఆ ఇంటి ఆడపడుచుకు పెట్టాల్సిన చీర ముందు సీటులోనే ఉండిపోయింది. సుమిత్రమ్మ మళ్లీ తలుపు తెరిచింది. ఈసారి చరణం వచ్చింది.

ఆ సాయంత్రమే వికారాబాద్‌లో ఆమె కొడుకు మహిధర్ కారు ఫ్యూజు పీకి పారేశాడు. పాట ఆగింది. దాంతోపాటు ఏసీ కూడా ఆగింది, ఎందుకంటే పదహారేళ్ల కిందటి ఆ జర్మనీ బండిలో రెండింటికీ ప్రాణం ఒక్కటే. హైదరాబాదులో అడిగితే, ఆ స్టీరియో తయారీ ఎప్పుడో ఆగిపోయిందని, మొత్తం మార్చాలంటే ఆ ఖర్చుతో ఇంకో చిన్న కారు వస్తుందని చెప్పారు.

"అమ్మా, గిది అమ్మేద్దాం," అన్నాడు మహిధర్. "ఆదివారం పది గంటలకు ఒకాయన చూడనీకి వస్తుండు. నీకు వేరే బండి పెడుతా, డ్రైవర్‌ను పెడుతా. వెనక సీట్ల మంచిగ కూసో."

ఆ వెనక సీటు మాటే ఆమెకు కాలింది. మహిధర్ కొత్త కారు కొన్నాక షెడ్డులో దుమ్ము కొట్టుకుపోతున్న ఆ బండిని ఆమె యాభై ఎనిమిదో ఏట బయటికి తీసి, డ్రైవింగు నేర్చుకుని, రెండు గోడలు గీకి, మూడేళ్లుగా ప్రతి శుక్రవారం ఒక్కతే యాలాల్ కంది చేనుకు వెళ్లి వస్తోంది. ఆ గంటంబావు దారిలో పాట ఉంటుంది, స్టీరింగు ఉంటుంది, సలహా చెప్పేవాళ్లు ఉండరు. ఆ బండి పోతే పోయేది బండి ఒక్కటే కాదని ఆమెకు తెలుసు.

"ఆదివారంలోపల బాగైతే?" అంది.

"బాగైతే నీ ఇష్టం," అన్నాడు మహిధర్. కాదని నమ్మకం ఉన్నవాడే అంత ఉదారంగా అనగలడు.

మర్నాడు గురువారం పొద్దున్నే ఆమె ఆ కారును తాండూరు తీసుకుపోయి, కరణ్‌కోట రోడ్డులో, నాపరాళ్లు పాలిష్ చేసే యంత్రాల ఎదురుగా ఉన్న హన్మయ్య రేకుల షెడ్డు ముందు ఆపింది.

హన్మయ్య ట్రాక్టర్లకు పాటల డబ్బాలు బిగించేవాడు. కార్లు ఎప్పుడైనా వచ్చేవి, అవీ చిన్నవి. ఇలాంటి బండి షెడ్డు ముందు ఆగేసరికి దారి అడగడానికి వచ్చారనుకుని, రోడ్డు మధ్యదాకా వచ్చి, చెయ్యి చాపి బస్టాండు ఎటో చూపించాడు.

"దారి గాదయ్యా. యాలాల్ల మా ట్రాక్టర్‌కు నువ్వే గదా పాటలు పెట్టింది?" అంది సుమిత్రమ్మ.

"అవునమ్మా. ఏమన్న ఖరాబైందా?"

"ఐదేండ్ల సంది దుమ్ముల, వానల పాడుతనే ఉన్నది. అందుకే వచ్చిన. దీనికి గూడ పెట్టు. మూడు మాటలు చెప్త, యాదిల పెట్టుకో. నా బండి ముఖం మారొద్దు. టీవీ లెక్క పెద్ద అద్దం పెట్టొద్దు, తిప్పేటి గుండీ ఉండాలె. లోపల రాయి దుమ్ము పడొద్దు."

ఆదివారం సంగతి కూడా చెప్పింది. హన్మయ్య బండి చుట్టూ ఒకసారి తిరిగాడు. లోపల స్టీరియో చుట్టూ ఉన్న కర్ర పలకను వేలి కొసతో తాకి, ఆ వేలును చొక్కాకు తుడుచుకున్నాడు. "చేస్త," అన్నాడు. అనేశాక ఆ వేలును ఇంకోసారి తుడుచుకున్నాడు.

ఆ మాట ఎందుకంత బరువైందో తెలియాలంటే హన్మయ్య వెనకటి సంగతి కొంచెం చెప్పాలి. కుల్కచర్ల పక్క ఊరిలో వాళ్లది గొర్లు కాచుకునే ఇల్లు. పదేళ్లప్పుడు అతని దగ్గర ఒక ట్రాన్సిస్టర్ ఉండేది. దాన్ని ఒక బండమీద పెట్టి మంద చుట్టూ తిరిగేవాడు. పాట ఎంత దూరం వినిపిస్తే గొర్రెలు అంత దూరమే పోవాలని అతని లెక్క. పాట వినపడకపోతే గొర్రె హద్దు దాటినట్టు. ఒకరోజు ట్రాన్సిస్టర్ మూగబోయింది. విప్పి చూస్తూ కూర్చున్నాడు. అది మళ్లీ పలికేసరికి మంద మొత్తం ఎవరిదో జొన్న చేనులో ఉంది. తండ్రి కొట్టిన దెబ్బలు మానిపోయాయి, విప్పి చూసే అలవాటు మానలేదు. కరణ్‌కోట వైపు రాళ్ల లారీలకు లైట్లు బిగిస్తూ పని నేర్చి, చివరికి ఈ షెడ్డు పెట్టాడు.

ట్రాక్టర్ పాట నడిపేవాడి కోసం కాదు, ఊరి కోసం. కాబట్టి హన్మయ్య పని పూర్తవగానే పాట పెట్టి, ఇరవై అంగలు నడిచి, చెవి వెనక అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని వినేవాడు. అక్కడికి మాట మాటగా వినిపిస్తేనే పని అయినట్టు. ఇరవై అయిదేళ్లలో ఈ పద్ధతి ఒక్కసారి కూడా తప్పలేదు.

శుక్రవారం కర్ర పలక విప్పాడు. రాగి తీగలుంటాయనుకున్న చోట నారింజ రంగు సన్నటి గొట్టం కనిపించింది. ఫ్యూజు పెట్టి చూస్తే దాని కొసలో మిణుగురంత ఎర్రటి చుక్క. ఈ బండిలో పాట తీగలో పోవడం లేదు, వెలుగులో పోతోంది. హన్మయ్య తన బతుకులో అలాంటిది చూడలేదు. భార్య దేవమ్మను పిలిచి చూపించాడు.

"మంచిగున్నది. మళ్ల ఎట్ల ఉండెనో అట్ల పెట్టొస్తదా నీకు?" అంది దేవమ్మ.

అతను ఆ వెలుగు దారిని అలాగే వదిలేసి, డిక్కీదాకా ఉన్న స్పీకర్లకు కొత్త తీగ లాగాడు. ఏసీ ఆగిపోకుండా మధ్యలో పెట్టే చిన్న డబ్బా ఒకటి హైదరాబాదు నుంచి బస్సులో తెప్పించాడు. గుండీ తిప్పే చిన్న స్టీరియో వెతికి, కర్ర పలకను పిసరంత కూడా కోయకుండా దాని వెనక ఇముడ్చాడు. శనివారం పన్నెండింటికి ఏసీ చల్లగా వచ్చింది. స్టీరియో దీపం వెలిగింది. బ్లూటూత్‌లో దానికి ఫోను కలిసింది.

హన్మయ్య దుమ్ము పడకుండా అద్దాలు ఎక్కించి, నాలుగు తలుపులూ మూశాడు. ఇరవై అంగలు నడిచి పాలిష్ యంత్రం దగ్గర నిలబడ్డాడు. ఫోనులో పాట నొక్కి, చెవి వెనక అరచెయ్యి పెట్టి, కళ్లు మూశాడు.

ఏమీ లేదు.

ఫోనులో పాట ఆపేసి తిరిగొచ్చాడు. అది కూడా అతని పద్ధతే, ఉత్తినే పాడించి బ్యాటరీ ఎందుకు తినిపించాలని. పలక విప్పాడు, తీగలు చూశాడు, బిగించాడు. మళ్లీ తలుపులు మూశాడు, ఇరవై అంగలు, అరచెయ్యి, కళ్లు. ఏమీ లేదు. స్పీకర్లను ఒక్కొక్కటిగా బ్యాటరీతో తాకించి చూస్తే 'చుర్' మంటున్నాయి, బతికే ఉన్నాయి. డిక్కీ విప్పాడు. బిగించాడు. నడిచాడు. యంత్రాల వాళ్లు పని ఆపి చూడడం మొదలుపెట్టారు. నాలుగోసారి పలక విప్పుతుంటే దేవమ్మ అంది:

"ఓ సింధుజ నాయినా, చేతగాదంటే చెప్పరాదు? ట్రాక్టర్ల పనోనికి విమానం ఎందుకు?"

"మాటిచ్చిన," అన్నాడు హన్మయ్య. "రేపు పది గంటలకు ఎవడో వచ్చి బండి కొంటపోతడు. ఆమె వెనక సీట్ల కూసుంటది. నావల్లనే."

నాలుగు గంటల రైలుకు సుమిత్రమ్మ దిగి, ఆటోలో నేరుగా షెడ్డుకు వచ్చింది. ఆమె ముఖంలో ఆశ చూడగానే హన్మయ్య చేతిలోని స్క్రూడ్రైవర్‌ను జేబులో దాచేశాడు.

"ఏమాయె?" అంది.

"బయట మస్తు దుమ్మున్నదమ్మా. లోపల కూసోండ్రి," అన్నాడు.

ఆమె తన సీటులో కూర్చుని తలుపు వేసుకుంది. హన్మయ్య ఆఖరిసారి ఇరవై అంగలు నడిచి పాట నొక్కాడు. నిశ్శబ్దం. ఆమె చెయ్యి గుండీ దగ్గరికి పోవడం అద్దంలోంచి కనిపించింది. పాపం, ఏమన్నా పలుకుతుందేమోనని వెతుకుతోంది అనుకున్నాడు. అది చూడలేక, చేతిలో ఫోను సంగతి కూడా మరిచిపోయి, కారు దగ్గరికి వచ్చి, అద్దం ముందు చేతులు జోడించి నిలబడ్డాడు.

"అమ్మా, నాతోని కాలే. రెండు దినాల సంది నిద్ర లేదు. నాలుగుసార్లు విప్పిన, ఏడ తప్పు జరిగిందో తెలుస్తలేదు. మీ కొడుకు సార్‌కు నేనే చెప్త, మీ తప్పేం లేదని."

సుమిత్రమ్మ నెమ్మదిగా తల ఊపింది.

"బండి అమ్ముకుంటరా మరి?"

తల ఊపింది. కళ్లు కూడా మూసుకుంది. ఆ ఓర్పు చూసి హన్మయ్య అద్దానికి ఇంకో అడుగు దగ్గరికి జరిగాడు.

"మీరు తిట్టినా మంచిగుండేదమ్మా! గింత మంచిగ ఊకుంటే నాకు ఇంక..."

ఆమె చిరునవ్వు నవ్వి, స్టీరింగు మీద వేళ్లతో తాళం వేసింది.

చాయ్ పట్టుకొచ్చిన దేవమ్మ ఒక్క నిమిషం ఇదంతా చూసింది. తర్వాత చాయ్ కింద పెట్టి, వచ్చి, అద్దం మీద గట్టిగా రెండు దెబ్బలు కొట్టింది. సుమిత్రమ్మ కళ్లు తెరిచి అద్దం దించింది. అద్దంతోపాటు పాట బయట పడింది. తేటగా, నిండుగా, వీణ తీగ మీద గోరు తగిలే చప్పుడు కూడా విడిగా వినిపించేలా. పాలిష్ యంత్రం మీది మనిషి వెనక్కి తిరిగి చూశాడు.

"ఏందయ్యా, ఏమో అంటున్నవ్?" అంది సుమిత్రమ్మ. "జర గట్టిగ పెట్టినవ్ గానీ, నేనే తగ్గించుకున్న. మస్తుగున్నది."

హన్మయ్య జోడించిన చేతులు ఇంకా విడదీయలేదు.

"ఎప్పటిసంది పాడుతున్నదమ్మా?"

"కూసున్న కాన్నుంచి."

అంటే పన్నెండింటినుంచీ, తాను నొక్కిన ప్రతిసారీ అది పాడుతూనే ఉందని అతనికి మెల్లగా అర్థమైంది. ట్రాక్టర్‌కు తలుపుండదు. తలుపు మూస్తే లోపలి సంగతి బయటికి పొక్కని బండిని అతను నాలుగుసార్లు విప్పాడు, అయిదుసార్లు బయట నిలబడి విన్నాడు, ఒక్కసారి కూడా లోపల కూర్చోలేదు. ఆమె సీటులో తాను కూర్చోవడం ఏమిటని అసలు తోచనే లేదు. దేవమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని షెడ్డు వెనక్కి పోయింది. రేకుల అవతలినుంచి నవ్వు ఆగి ఆగి వినిపించింది. ఆ రేకులు జర్మనీవి కావు.

"ఎవ్వరికి చెప్పకు," అన్నాడు హన్మయ్య, ఆమె తిరిగి వచ్చాక.

"నేనెందుకు చెప్త?" అంది దేవమ్మ. ఆదివారం పొద్దుటికి కరణ్‌కోట రోడ్డంతా తెలిసింది.

అదే ఆదివారం మధ్యాహ్నం హన్మయ్యకు ఫోను వచ్చింది. మహిధర్.

"ఏం చేసినవయ్యా హన్మయ్యా? పది గంటలకు కొనేటాయన వచ్చిండు. మా అమ్మ బండ్ల కూసొని పాటలు ఇంటున్నది. ఆయన అద్దం కాడ నిలబడి రేటు చెప్పిండు, తల ఊపింది. కాగితాలు రేపే అన్నడు, దానికీ తల ఊపింది. ఆయన ఖుషీగ నా చెయ్యి పట్టుకొని ఊపుతుంటే, ఆమె గేరేసి యాలాల్ పోయింది! ఇయ్యాల శుక్రవారం గూడ గాదు! ఆయన ముంగట నా ఇజ్జత్ పోయింది. గా అద్దంల నుంచి ఒక్క మాటన్న లోపలికి పోతలేదు, గిదేం ఫిట్టింగయ్యా?"

హన్మయ్య షెడ్డు ముందు ఆగి ఉన్న ట్రాక్టర్ వైపు ఒకసారి చూశాడు. గొంతు సవరించుకున్నాడు.

"తలుపు తీసి లోపల కూసోవాలె సార్, గది తెల్వనీకి నాక్కూడ ఒక పూటంత పట్టింది."