ఎవరి ఎడమ

సూరత్‌లో ముప్పై ఏళ్లు వడ్రంగం చేశాక నేను అక్షరాలు నేర్చుకున్నాను. అంతకు ముందు చెక్క పైముఖం మీద ఇంటు గుర్తు పెట్టి కోసేవాణ్ని. ఒక్కసారీ తప్పలేదు.

ఆ ఊరి కతర్‌గామ్ పేటలో ఒక తెలుగు ఇల్లాలి వంటింట్లో, ఎడమవైపున్న సింకు చుట్టూ టేకు పలక బిగించాలి. పట్టీలు అతికించి ఆ పలక చేయడానికే పది రోజులు పట్టింది. పాడైతే ఆమె వంటిల్లు ఇంకో పది రోజులు మూతే. మంచి ముఖం మీద నా రాత ఎందుకని పలకను బోర్లించి, పెన్సిలుతో గట్టిగా నొక్కి 'ఎడమ' అని రాసి, దాని పక్కనే సింకుకు రంధ్రం కోశాను. తిప్పి పెడితే రంధ్రం కుడికి వచ్చింది.

"ఎడమ అంటే ఎవరి ఎడమ కాకా?" అందామె.

"నాదే బిడ్డా. చెక్క బోర్ల పండింది, దానికేం ఎరుక."

అడుగు ముఖాన్నే పైకి పెట్టడం తప్ప దారి లేదు. అక్షరాలు పోయేదాకా గరుకు కాగితంతో రుద్దాను. నీళ్లు దిగేది రంధ్రం అంచుల్లోనే కాబట్టి, అక్కడ మూడుసార్లు అవిసె నూనె పట్టించాను. పైన నూనె రాయగానే పెన్సిలు నొక్కులు నల్లబడి 'ఎడమ' మళ్లీ తేలింది. రుద్దబోతే ఆమె ఆపింది.

"ఉండనియ్ కాకా. ఇప్పుడైతే సరిగ్గనే ఉన్నది గదా."

చూస్తే నిజమే, ఎడమవైపే ఉంది.