తల తిరిగిన కండక్టరమ్మ

ఆ రోజుల్లో ఉద్యోగం దొరకడమే కష్టమనుకునేవాళ్ళం. దొరికిన ఉద్యోగాన్ని కడుపులో నిలుపుకోవడం అంతకన్నా కష్టమని నాకు మొదటి వారంలోనే తెలిసింది. బస్సెక్కితే వాంతి చేసుకునే పిల్లకు బస్సు కండక్టరు ఉద్యోగం వచ్చింది మరి! (దరఖాస్తులో ఆ ప్రశ్న లేదు, నేనూ చెప్పలేదు.) కడప నుంచి రాయచోటికి నా బండి. మధ్యలో గువ్వలచెరువు ఘాటు, కొండెక్కే రోడ్డు, మలుపు మీద మలుపు. మా అమ్మకు తెలిసిన వైద్యం ఒకటే: "సంగటి గట్టిగా తినిపో మే, కడుపులో బరువుంటే ఏమీ కదల్దు." తిన్నాను. మూడో మలుపుకే అంతా కదిలింది. వారంలో రెండుసార్లు ప్రయాణికులే నా ముఖాన నీళ్ళు చల్లారు. సంగతి డిపోకు చేరింది. ఇంకోసారి ఇట్లా జరిగితే ఉద్యోగం ఉండదన్నారు. ఇంట్లో జీతం తెచ్చేదాన్ని నేనొక్కదాన్నే. భయంతో రెండు రోజులు అన్నం సహించలేదు.

నన్ను కాపాడింది మా డ్రైవరన్న. "తప్పు యాడుండాదో తెలుసా పాపా? బండి మలుపు తిరుగుతాంటే నువ్వు తల వంచి టికెట్ మిషను చూస్తాండావు. ఘాటు కింద బండి నిలబెడతా, టికెట్లన్నీ ఆడనే కొట్టేయ్. పైకి పోయేటప్పుడు నా పక్కన నిలబడి దూరంగా రోడ్డు చూడు. పొద్దున రెండిడ్లీలు చాలు, దవడన అల్లం ముక్క పెట్టుకో" అన్నాడు. మర్నాడు ఘాటంతా దాటినా నా కడుపు కిమ్మనలేదు.

నాలుగు రోజులకు ఘాటు మొదట్లో చెకింగ్ సారు ఎక్కారు, నన్ను పరీక్షించడానికే. "ఏమ్మా, వాంతుల కండక్టరు నువ్వేనా?" అని బస్సంతా వినబడేలా అడిగి, నా టికెట్ల లెక్క కాగితాలు లాక్కుని, తల వంచి చదువుతూ ప్రశ్నలు వెయ్యడం మొదలుపెట్టారు. నాకు ఒళ్ళు మండింది. అయినా కళ్ళు రోడ్డు మీదే ఉంచాను. నాలుగో మలుపు దగ్గర సారు ప్రశ్నలు ఆగిపోయాయి. ఆరో మలుపులో ముఖం పాలిపోయింది.

"సార్, ఆ కాగితాలు మూసెయ్యండి. ముందు సీట్లో కూర్చోని దూరంగా చూడండి. ఈ అల్లం ముక్క నములుతా ఉండండి" అన్నాను. కాగితాలు మూసి, అల్లం నోట్లో వేసుకున్నారు. వెనక నుంచి ఒక పెద్దాయన, "అద్దం తెరువప్పా, సారుకు గాలి తగలాల!" అని అరిచాడు. బస్సంతా ఒకటే నవ్వు. సారు గట్టెక్కారు, వాంతి కాలేదు. (ఆ గెలుపు కూడా నా ఖాతాలోదే.)

రాయచోటిలో దిగేముందు సారు తన రిపోర్టులో రాసింది పట్టుబట్టి చదివాను: "కండక్టరుకు ఏ ఇబ్బందీ లేదు." అక్షరాలు మాత్రం ఘాటు రోడ్డులా వంకర్లు పోయాయి. ఆ రోజు నేను బస్సు దిగిన తీరు చూస్తే, ఆ ఘాటు నేనే వేయించానని ఎవరైనా అనుకునేవారు.

ఇప్పటికీ అదే రూట్లో తిరుగుతున్నాను. అప్పటి ఆ పొగరు తలచుకుంటే నవ్వొస్తుంది. అంత గర్వపడే మలుపు మాత్రం ఈమధ్య ఒక్కటీ తగలడం లేదు.