జున్ను బ్యాగుకి వేలాడిన దారం

టీ తాగుతూ వినండి. ముందే చెప్పేస్తున్నాను, ఇందులో ఒక్క ముక్క అబద్ధమున్నా నా కుట్టుమిషన్ సూది ఈ పూటే విరిగిపోవాలి. కంచరపాలెంలో నలభై ఏళ్ళుగా జాకెట్లు కుడుతున్నదాన్ని, అంతకంటే పెద్ద ఒట్టు నా దగ్గర లేదు. మొన్న జపాన్ వెళ్ళి ఏం చేసొచ్చానో తెలుసా? ఒక్క దారం లాగాను. వీధి వీధంతా రోడ్డు మీదకొచ్చేసింది!

మా అమ్మాయి పద్మ, అల్లుడు అక్కడే ఉంటారు. అల్లుడికి ఓడలు కట్టే కంపెనీలో పని. మనవరాలు జున్నుకి ఆరేళ్ళు, ఒకటో క్లాసు. మూడు నెలలు ఉందామని వెళ్ళాను. అక్కడ నాకు పనేముంది? కిటికీ దగ్గర కూర్చుని వచ్చే పోయే పిల్లల్ని చూడ్డమే.

ఓలమ్మో, ఏం పిల్లలండీ వాళ్ళు! నా మోకాలెత్తు లేరు. వీపు మీద బీరువా అంత బ్యాగు, నెత్తిన పసుప్పచ్చ టోపీ. అమ్మ లేదు, నాన్న లేడు, ఆటో లేదు. తమంతట తామే బడికి నడిచిపోతారు. రోడ్డు దాటాలంటే ఒక చెయ్యి పైకెత్తుతారు, లారీ కూడా ఆగిపోతుంది! మన దగ్గర నేను రెండు చేతులూ ఎత్తినా ఆటోవాడు "ఎక్కడికెల్లాలి మామ్మా?" అంటాడు గానీ దారివ్వడు. బడిలో అన్నం వాళ్ళే వడ్డించుకుంటారట, గది వాళ్ళే తుడుచుకుంటారట. ఆ అలవాటుతో మా జున్ను ఓరోజు నిద్రపోతున్న నన్ను పక్కకి దొర్లించి మరీ నా కింద నేల తుడిచింది.

అసలు గొడవ ఇక్కడుంది. జున్ను ఒక్కర్తీ బడికెళ్ళడం మొదలుపెట్టి అప్పటికి వారమే. అంతవరకూ పద్మకి భయం, చెయ్యి పట్టుకుని తనే దింపేది. అలా వచ్చేది క్లాసంతటికీ తనొక్కర్తేనని ఆ పిల్లకి చచ్చేంత సిగ్గు. ఏడ్చి, బతిమాలి ఒప్పించుకుంది. "ఒక్కసారి ఏదైనా తేడా వచ్చిందా, మళ్ళీ నేనే దింపుతాను" అని పద్మ షరతు. అందుకే ఆ రోజు నేను చెప్పులు వెతుక్కుంటుంటే జున్ను గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"అమ్మమ్మా, నువ్వు రాకూడదు. దొంగతనంగా వెనకాల కూడా రాకూడదు. ఒట్టెయ్యి."

"ఏటే గుంటా, నానేటి దొంగలాగున్నానా?"

"ఒట్టెయ్యి!"

వేశాను. అది వీధి మలుపు తిరిగేదాకా నిలబెట్టుకున్నాను కూడా.

ఆ తర్వాత గొడుగు అడ్డం పెట్టుకుని బయల్దేరాను. వాన లేదు, ఎండా లేదు. ఆ ఊరు మొత్తానికి చిలకపచ్చ చీర కట్టిన మనిషిని నేనొక్కదాన్నే. అయినా నన్నెవరూ గమనించలేదనే నా నమ్మకం.

సిగ్నల్ దగ్గర జున్ను, దానితోపాటు మరో అయిదుగురు పిల్లలు ఆగారు. నేనూ వాళ్ళ వెనకే ఆగాను. అప్పుడు కనబడింది. జున్ను బ్యాగు పట్టీకి కోడిగుడ్డంత ప్లాస్టిక్ బిళ్ళ, దానికి వేలాడుతూ జానెడు దారం!

వేలాడే దారం కనబడితే నా చెయ్యి నా మాట వినదు. పీటల మీద కూర్చున్న పెళ్ళికూతురి జాకెట్టుకి దారం వేలాడితే, పంతులుగారిని ఆగమని వెళ్ళి పళ్ళతో కొరికొచ్చాను. ఇదేమో ఏ సైకిల్ చక్రంలోనైనా పడితే? నెమ్మదిగా రెండు వేళ్ళతో పట్టుకుని చటుక్కున లాగాను.

అరిచింది చూడండీ! మన పోర్టులో ఓడలన్నీ ఒక్కసారే కూతపెట్టినట్టు! ఎవరైనా పట్టుకుంటే లాగమని పిల్లల బ్యాగులకి ఆ అలారం కడతారట. దారం చివరున్న పిన్ను మళ్ళీ దూర్చితేగానీ అది నోరు మూయదట. నాకు తెలిస్తేగా! పిన్ను గుప్పిట్లో బిగించి పరుగు లంకించుకున్నాను.

"అమ్మమ్మా, ఇచ్చీ! అది ఇచ్చీ!"

కూతపెడుతున్న బ్యాగుతో జున్ను నా వెనక. దాని వెనక అయిదు టోపీలు. వాళ్ళ వెనక జెండా పట్టుకుని పిల్లల్ని రోడ్డు దాటించే తాత. ఎనభై ఏళ్ళుంటాయి, నన్ను దాటేసి ముందు నిలబడ్డాడు! తలుపులన్నీ తెరుచుకున్నాయి. చేతిలో గరిటెలతో అమ్మలు, నోట్లో బ్రష్షులతో నాన్నలు. లక్షమంది. సరే, మీకోసం తగ్గిస్తాను, యాభై వేలు.

జున్ను నా గుప్పిట విప్పి, పిన్ను తీసి దూర్చింది. కూత ఆగింది. టోపీ తీసి, చుట్టూ ఉన్నవాళ్ళకి నడుం వంచి దండం పెట్టి, వాళ్ళ భాషలో క్షమించమని చెప్పింది. నా నడుమూ వంచింది. అలా వంగి ఉన్నప్పుడే మెల్లగా, "ఇంక అమ్మ నన్ను ఒక్కదాన్నీ పంపదు" అంది. నా ప్రాణం ఉసూరుమంది.

అక్కణ్ణించి నన్ను ఇంటికి తీసుకొచ్చారు. ఇద్దరు పిల్లలు ముందు, ఇద్దరు వెనక, ఇద్దరు చెరో చెయ్యీ పట్టుకుని. రోడ్డు దాటేచోట నా చేత కూడా చెయ్యెత్తించారు. తలుపు తీసిన పద్మకి ఆరు టోపీలు, ఒక జెండా, మధ్యలో కన్నతల్లి కనబడ్డాం. తాత ఏదో చాలాసేపు చెప్పాడు. పద్మ తలూపుతూ విని, మా ఇద్దరికేసీ తిరిగింది.

"జున్ను ఎక్కడా కంగారుపడకుండా అంతా సరిగ్గా చేసిందట. రేపట్నుంచీ అది ఒక్కర్తీ వెళ్తుంది."

జున్ను గెంతిన గెంతుకి టోపీ ఎగిరిపోయింది.

"నువ్వు మాత్రం ఒక్కదానివీ గుమ్మం దిగడానికి వీల్లేదమ్మా!"

మిగిలిన రోజులన్నీ, బడి వదిలాక జున్ను వచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తేనే నాకు పార్కు.

సరే, టీ తాగడం అయింది కదా. మా అల్లుడి స్నేహితుడు రేపు మధురవాడ నుంచి జపాన్ బయల్దేరుతున్నాడు. మాడుగుల హల్వా ఏడు డబ్బాలు కట్టి ఉంచాను, పిల్లలకి ఆరు, జెండా తాతకి ఒకటి. మీలో స్కూటరున్నవాళ్ళు ఎవరో ఒకరు అతనికి అందించి రండి. అక్కడ ఆ పిల్లల ఇళ్ళ నంబర్లు అతను అడిగితే నాకు గుర్తులేవని చెప్పండి. ఆ వీధిలోకెళ్ళి "పిన్ను పట్టుకుని పారిపోయిన ముసలమ్మ పంపింది" అంటే చాలు, ఏ తలుపు కొట్టినా వాళ్ళే దారి చూపిస్తారు.