సార్ వైరు

మొన్న ఉప్పల్‌లో మా ఇంటి ఇన్వర్టరు మొరాయిస్తే మెకానిక్కు వచ్చి మూత తీశాడు. కళ్లజోడు సర్దుకుని లోపలికి తొంగిచూసిన నాకు సర్క్యూటు కార్డు మూలన అంగుళం పొడుగు పచ్చ వైరు కనబడింది, కనబడగానే మెకానిక్కును చెయ్యి పెట్టకుండా ఆపాను. ఎందుకో చెప్పాలంటే నాచారం రోజుల్లోకి వెళ్లాలి.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో మా అక్కయ్య భర్త, అంటే మా బావగారు, నాచారంలో ఇన్వర్టర్లు తయారుచేసే చిన్న షెడ్డు నడిపేవారు. గుంటూరు వైపు నుంచి వచ్చిన నేను అక్కడ టెస్టింగు ఇంజనీరును. నా సంతకం పడందే పెట్టె గడప దాటకూడదు. ఇంటికొచ్చే మెయిన్స్ కరెంటు ఎన్ని వోల్టులుందో చూడటానికి లోపల ఒక సెన్సారు ఉండేది. అది మెయిన్స్‌ను కార్డుకు తగలనివ్వకుండా, మడి కట్టుకున్న ముసలమ్మలా దూరం పెట్టి, చిన్న నకలును మాత్రం ఇవతలికి అందించేది. ఆ నకలు సున్నాకు పైకీ కిందికీ ఊగుతుంది. దాన్ని కొలతకు అందించే మా ఆప్‌యాంపు చిప్పుకేమో అయిదు వోల్టుల సప్లై ఒక్కటే, సున్నాకు కింద దానికి లోకమే లేదు కనుక సగం తరంగాన్ని మింగేసేది. అందుకని రెండున్నర వోల్టులను మధ్యలో నిలబెట్టి, ఇదే నీ సున్నా అని దాన్ని నమ్మించాను. షెడ్డులో అందరూ దాన్ని దొంగ జీరో అనేవారు, నేనూ ఆ పేరుకు మురిసిపోయేవాణ్ణి.

తరంగం నిండుగా వచ్చింది గానీ రీడింగు అంకెలు కుదురుగా నిలిచేవి కావు. కార్డు మళ్లీ గీసుకుంటే పోయేది, దానికి వారం పడుతుంది. తెల్లారితే డీలరు వస్తాడనగా, లోపం ఎక్కడుందో చూద్దామని మెయిన్స్ న్యూట్రలుకూ కార్డు అసలు జీరోకూ, అంటే గ్రౌండుకూ, మధ్య ఒక పచ్చ వైరు ముక్క అతికించాను. అంకె రాయిలా నిలబడింది. ఆ ఒక్క ముక్కతో సెన్సారు కట్టిన మడి అంతా మంట కలిసిందని నాకు తెలుసు, బావగారికి చెప్పాను కూడా. "బల్ల మీద బాగానే ఉందిగా, ఉంచెయ్యరా," అన్నారాయన నవ్వుతూ. ఛీ, ఆ నవ్వు కన్నా దాని కింద పెట్టిన నా సంతకమే ఇప్పటికీ నాకు రోత.

మా వైరింగు పనులు చూసే లాలాపేట్ అన్న, నాకన్నా పదేళ్లు పెద్దవాడు, ఆ పచ్చ వైరుతోనే గడప దాటిన పెట్టెల్లో ఒకదాన్ని కాప్రాలో ఒక కిరాణా కొట్లో బిగించడానికి వెళ్లాడు. ఆ కొట్లో ఎర్తింగు లేదు, ఫేజూ న్యూట్రలూ తారుమారు, ఇక్కడి కొట్లలో అది మామూలే. నా పచ్చ వైరు గుండా ఫేజు కార్డు జీరోకు, అక్కడి నుంచి దానికి కలిపి ఉన్న పెట్టె రేకుకు పాకింది, అన్న చెయ్యి ఆ రేకు మీదే ఉంది. ప్రాణం దక్కింది గానీ కుడిచేతి రెండు వేళ్లు మళ్లీ వంగలేదు. దవాఖానాలో కట్టు కట్టిన చేతిని ఒళ్లో పెట్టుకుని, కోపమైనా లేకుండా అడిగాడు, "జీరో అంటే సున్న అంటిరి గద సార్, సున్నల గింత కరెంటు ఎక్కడిది?" ఆ నెలలోనే వైరు లేని కార్డు గీసిచ్చి, బావగారితో మాటలు మానేసి, షెడ్డు వదిలేశాను, అంతటితో నా బాధ్యత తీరిపోయిందనుకున్నాను.

తర్వాత రాష్ట్రమే మారింది, మా షెడ్డున్న చోట అపార్టుమెంట్లు లేచాయి, బావగారు పోయారు. మొన్న మెకానిక్కును ఆ వైరు ఎందుకని అడిగితే, అమాయకుణ్ణి చూసినట్టు చూశాడు. "దీన్ని సార్ వైరు అంటరు సార్. రీడింగ్ దుంకకుంట ఉంటది. ఎన్కట నాచారంల ఎవరో పెద్ద ఇంజనీరు కనిపెట్టిండంట, మా ఉస్తాద్ నేర్పిండు."

నేను గీసిచ్చిన మంచి కార్డు ఏ చెత్తలో కలిసిందో ఎవరికీ తెలియదు. కటింగ్ ప్లేయరు అడిగి తీసుకుని, మెయిన్సు ఆపించి, ఆ వైరు కత్తిరించాను. మళ్లీ స్విచ్చి వేయగానే అంకెలు గంతులు వేయడం మొదలుపెట్టాయి. "మంచిగున్న మిషన్ ఖరాబ్ జేస్తిరి గద సార్," అన్నాడతను, నిజంగానే బాధపడుతూ.