మునిరత్నం వంతు కరెంటుతో తిరుపతి చేరిన కారు

చిత్తూరు నుంచి తిరుపతికి బ్యాటరీ కారులో వెళ్లొచ్చా అని ఈ మధ్య నన్ను ఇద్దరు ముగ్గురు అడిగారు. వెళ్లొచ్చు. నేను మూడేళ్ల కిందట, 2006 మార్చి చివర్లో, ఇంటర్ పరీక్షలు అయిపోయిన మరుసటి ఆదివారం వెళ్లాను. ఎలా వెళ్లానన్నది చెప్పకుండా ఇన్నాళ్లూ దాటేశాను. స్టాఫ్ రూములో చెప్పినప్పుడల్లా మధ్యలో ఒక ముక్క మింగేసి చెప్పాను. ఇక్కడ మింగకుండా రాస్తాను.

నేను జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాను. లీటరు పెట్రోలు యాభై రూపాయల దగ్గరికి వచ్చిన రోజులవి. బెంగళూరులో తయారయ్యే ఆ చిన్న రెండు తలుపుల కరెంటు కారు కొత్తది కొనే తాహతు నాకు లేదు. అక్కడ ఒకాయన మూడేళ్లు వాడి అమ్ముతున్నాడని తెలిసి, లారీ మీద ఎక్కించి చిత్తూరుకు తెచ్చుకున్నాను. గేర్లు లేవు, చప్పుడు లేదు, పొగ లేదు. మామూలు పదిహేను ఆంపియర్ల ప్లగ్గులో పెడితే ఎనిమిది గంటల్లో నిండుతుంది. నిండితే ఎనభై కిలోమీటర్లు పోతుందని కారుతో వచ్చిన పుస్తకంలో రాసుంది. తిరుపతి డెబ్బై. మా లెక్కల మాస్టారు, "అది పూతలపట్టు దాటితే నేను మీసం తీసేస్తా" అన్నాడు. నాకు రోషం వచ్చింది. నా భార్య పద్మకేమో కారుకు అలిపిరి దగ్గర పూజ చేయించాలని కోరిక. అలా బయలుదేరాం.

ఉదయం ఐదుంపావుకు ఛార్జింగు ముల్లు నిండుగా ఉండగా ఇల్లు వదిలాం. ఆ వేళకు చల్లగా ఉంటుంది, రోడ్డు మీద లారీలు తప్ప ఏమీ ఉండవు. నలభై వేగం దాటకుండా పోతే పూతలపట్టు అరగంట. కూడలిలో ఇడ్లీ తిని టీ తాగాం, ఇద్దరికీ కలిపి ఇరవై రెండు రూపాయలు. టీ కాచే ఆయన కారు చుట్టూ తిరిగి, వంగి కింద కూడా చూసి, "సైలెన్సరు యాడుండాది సార్?" అని అడిగాడు. లేదన్నాను. "పడిపోయిందా?" అన్నాడు పాపం. నేను నవ్వుతూ వచ్చి కూర్చున్నాను గానీ, ముల్లు చూశాక నవ్వు ఆగిపోయింది. పదిహేడు కిలోమీటర్లకే మూడో భాగం పైగా దిగిపోయింది. పుస్తకంలో రాసిన ఎనభై కొత్త బ్యాటరీలకు. మూడేళ్లు నలిగిన వాటికి కాదు. పిల్లలకు బ్యాటరీ పాఠం చెప్పే నాకు ఈ సంగతి తట్టకపోవడం సిగ్గుచేటు. అప్పుడే వెనక్కి తిప్పి ఉంటే సరిపోయేది. మీసం గుర్తొచ్చి తిప్పలేదు.

పాకాల దాటాక చిన్న ఎత్తు వచ్చింది. కారు మనిషి నడకకు దిగింది. మీటరులో నలభై ఒకటో కిలోమీటరు. రోడ్డు పక్కనే వేరుశనగ చేను, చేను మొదట్లో మోటరు షెడ్డు, పైపులోంచి నీళ్లు దూకుతున్నాయి. నీళ్లు పడుతున్నాయంటే కరెంటు ఉన్నట్టే. నా ప్రాణం లేచొచ్చింది. పార భుజాన పెట్టుకుని నలభై ఏళ్ల మనిషి గట్టు మీదుగా వచ్చాడు. పేరు మునిరత్నం.

"ఏమైంది సార్, పెట్రోలు అయిపోయిందా?"

"పెట్రోలు కాదప్పా, కరెంటు అయిపోయింది."

ఆయన నమ్మలేదు. ప్లగ్గు తీసి చూపిస్తే నమ్మాడు. "దానికేముంది, పెట్టుకోండి" అని షెడ్డు తలుపు బార్లా తీశాడు. కారును ఇద్దరం తోసి, దాని తీగ షెడ్డులోని ప్లగ్గుకు అందేంత దగ్గరికి తెచ్చాం. ప్లగ్గు పెట్టాను. ఛార్జరు దీపం వెలిగి, ఆరి, మళ్లీ వెలిగి ఆరిపోయింది. టెస్టరు, మీటరు ఎప్పుడూ నా సంచిలో ఉంటాయి. కొలిచాను. మోటరు తిరుగుతుంటే వోల్టేజీ బాగా పడిపోతోంది, అంత తక్కువలో ఛార్జరు పనిచేయదు. క్లాసులో చెప్పినట్టే ఆయనకు వివరంగా చెప్పాను. చెప్పి, "ఒక్క నిమిషం మోటరు ఆపి చూద్దామా?" అన్నాను.

ఆ మాట నేనే అన్నాను. ఆయన అనలేదు.

మునిరత్నం నా ముఖం చూశాడు, చేను వైపు చూశాడు, స్టార్టరు ఎర్ర బటను నొక్కాడు. పైపులో నీళ్లు సన్నగిల్లి ఆగిపోయాయి. ఛార్జరు దీపం నిలకడగా వెలిగింది. నేను చప్పట్లు కొట్టాను. అప్పుడు టైము ఏడుంపావు.

"మీకు నీళ్లకు ఇబ్బంది లేదు కదా?" అని అడిగాను. అడగడం అడిగాను.

"ఏం లేదులే సార్. తడి ఉండాది. మీరు కూర్చోండి" అన్నాడు.

వేప చెట్టు కింద గోనెపట్టా పరిచాడు. వాళ్లావిడ సుగుణమ్మ రాగిసంగటి, ఊరిబిండి తెచ్చింది. వేరుశనగలు, ఎండుమిరపకాయలు రోట్లో నూరిన ఆ పచ్చడి కోసమే ఇటు రావచ్చు. తింటూ నేను ఉపన్యాసం మొదలుపెట్టాను. వందేళ్ల కిందట అమెరికాలో, ఐరోపాలో పట్నాల్లో కరెంటు కార్లు తెగ తిరిగేవని, పెట్రోలు కారును అప్పట్లో చేత్తో హ్యాండిలు తిప్పి స్టార్ట్ చేయాల్సి వచ్చేదని, చమురు చవకై, ఆ హ్యాండిలు బాధ తప్పాక కరెంటు కారు మూలన పడిందని చెప్పాను. తొంభైల చివర జపాన్‌వాళ్లు రెండూ కలిపి హైబ్రిడ్ తెచ్చారని, వేగం తగ్గినచోట కరెంటు, పెంచినచోట పెట్రోలు అని చెప్పాను.

మునిరత్నం శ్రద్ధగా విన్నాడు. "మా బాయికాడ గూడా అట్లే ఉండె సార్. డీజలు ఇంజను ఒకటి, కరెంటు మోటరు ఒకటి. కరెంటు పోతే ఇంజను ఏసేవాళ్లం. డీజలు రేటుకు తాళలేక ఇంజను అమ్మేసినాం. ఇప్పుడు కరెంటు వస్తేనే నీళ్లు."

"అదే హైబ్రిడ్" అని నేను ఉత్సాహంగా తొడ చరిచాను. ఆయన చెప్పిన ఆఖరి ముక్క నా చెవిన పడలేదు.

పద్మ చేతులు కడుక్కోవడానికి వెళ్లి వచ్చి నా పక్కన కూర్చుని మెల్లగా అంది. "ఏమండీ, ఆ కొన కయ్యలు సూడండి. మన్ను తెల్లగా పోయుండాది. ఆకు ముడుసుకోనుంది." కయ్య అంటే ఇక్కడ మడి. నేను చూడకుండానే, "ఆయనే చెప్పాడు కదా తడి ఉందని. పొలం నీకు తెలుసా, ఆయనకు తెలుసా?" అన్నాను. పద్మది సత్యవేడు దగ్గర సేద్యం చేసే ఇల్లు. పొలం సంగతి నాకంటే తనకే తెలుసు.

పదిన్నరకు ముల్లు ముప్పావుకు వచ్చింది. ఇంకా ముప్పై కిలోమీటర్లే, చాలావరకు పల్లం. "సాలు, బయల్దేరదాం. ఆయన్ను మోటరు ఏసుకోనీండి" అంది పద్మ. మునిరత్నం అప్పటికి రెండుసార్లు స్టార్టరు దగ్గరికి పోయి ఊరికే నిలబడి వచ్చాడు. అదీ చూశాను. అయినా, "నిండనీ. చంద్రగిరి దగ్గర మళ్లీ ఆగితే పరువేం కాను?" అన్నాను. పద్మ లేచి సుగుణమ్మ పొయ్యి దగ్గరికి వెళ్లిపోయింది. నేను పట్టా మీద పడుకుని కునుకు తీశాను.

ఒంటి గంటకు కరెంటు పోయింది. అప్పట్లో పొలాలకు రోజుకు ఏడు గంటలే ఇచ్చేవాళ్లు, ఆ వారం ఉదయం ఆరు నుంచి. నలిగిన బ్యాటరీలు కాబట్టి ఎనిమిది గంటలు పట్టకుండానే ముల్లు నిండింది. యాభై రూపాయలు ఇవ్వబోతే మునిరత్నం తీసుకోలేదు. "కరెంటు నాదా సార్, గవర్నమెంటుది. ఏడుకొండలవాడి కాడికి పోతా ఉండారు, నేను దుడ్డు తీసుకుంటే ఏం బాగుంటాది? వస్తా ఒక లడ్డు తెచ్చియ్యండి, సాలు" అన్నాడు. తప్పకుండా తెస్తానన్నాను.

రెండున్నరకల్లా తిరుపతి చేరాం. బస్టాండు నుంచి మా లెక్కల మాస్టారికి ఎస్టీడీ చేసి మరీ చెప్పాను. అలిపిరిలో చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, పూజారి "స్టార్ట్ చేయండి" అన్నాడు. చేశానన్నాను. ఆయనకు వినబడక మళ్లీ చేయమన్నాడు. కొబ్బరికాయతో కలిపి నూటపదహార్లు. ఘాట్ రోడ్డు ఈ కారు ఎక్కదు కాబట్టి కొండకు బస్సులో వెళ్లి, దర్శనం చేసుకుని, లడ్డూలు తీసుకున్నాం. కింద సత్రంలో రాత్రంతా ఛార్జింగు పెట్టాను, గదితో కలిపి రెండు వందలు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో మునిరత్నం చేను దగ్గరికి వచ్చేసరికి ముల్లు సగం కంటే బాగా కిందికి దిగింది. ఆగి మళ్లీ కదిలితే కరెంటు ఎక్కువ తాగుతుందని ఆపలేదు. "లడ్డు" అంది పద్మ. "ఈసారి ఇద్దాంలే" అన్నాను. అలా ఆపకుండా వచ్చినా పూతలపట్టుకు ముందే కారు ఆగిపోయింది, ఆటోకు కట్టి ఇంటికి లాగించాను. లెక్కల మాస్టారి మీసం మాత్రం ఆయనకే వదిలేశాను.

ఆ బ్యాటరీలు జూన్ దాకా లాగి చచ్చిపోయాయి. కొత్త సెట్టు ధర నా మూడు నెలల జీతం పైమాటే. జులైలో కారును తూకానికి అమ్మినంత పని చేశాను. ఆ నెలాఖర్న పనిమీద ఒంటరిగా తిరుపతి వెళ్లి వస్తుంటే, పద్మ ముందే మరీ మరీ చెప్పి పంపింది కాబట్టి, లడ్డు పొట్లంతో పాకాలకు ముందే బస్సు దిగాను. షెడ్డుకు తాళం. సుగుణమ్మ ఒక్కతే మేకలకు కొమ్మలు నరుకుతోంది. నన్ను గుర్తుపట్టి నీళ్లిచ్చింది.

"మునిరత్నం లేడామ్మా?"

"మామిడికాయల గుజ్జు ఫ్యాక్టరీకి పోతా ఉండాడు సార్ కూలికి. ఈ ఏడు చెనక్కాయ రాలే గదా."

వేరుశనగ ఎందుకు రాలేదని అడిగాను. ఆమె నింద వేసే గొంతుతో చెప్పలేదు. వానలెప్పుడు పడతాయో చెప్పినట్టు చెప్పింది. ఆ బావి నలుగురు అన్నదమ్ములది. నాలుగు రోజులకు ఒకసారి ఒక్కొక్కరి వంతు, మేం ఆగిన రోజు మునిరత్నంది. కరెంటు ఎప్పుడొస్తే అప్పుడు మొదలు, పోతే అయిపోయినట్టే. తన వంతు పోగొట్టుకున్నవాడు మర్నాడు అడగకూడదు, అడిగితే మిగతా ముగ్గురి చేలు ఎండుతాయి. మేం వెళ్లిన మూడో రోజున ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయింది. పన్నెండు రోజులకు గానీ కొత్తది రాలేదు. కాయలో పప్పు ఊరే సమయం అది. "మిగతా ముగ్గురికి అంతో ఇంతో వచ్చినాయి. మాకే ఆ తడి తప్పిపోయింది. పీకితే అన్నీ ఒట్టి కాయలే సార్" అంది.

"ఆ రోజు నాకెందుకు చెప్పలేదమ్మా?"

"నేను సెప్పమన్నా సార్. దోవన పోయేటోళ్లు, ఆడమనిషి గూడా ఉండాది, దేవుడి కాడికి పోతా ఉండారు, ఎట్ల సెప్పేది అన్నాడు."

నా చేతిలో లడ్డు పొట్లం ఉంది. దాన్ని ఎలా ఇవ్వాలో తెలియలేదు. ఆమే చెయ్యి చాచి తీసుకుని కళ్లకద్దుకుంది. "మీ కారు బాగుండాదా సార్? ఆ కారు మన కరెంటుతోనే తిరపతికి పోయిందని ఆయన అందరికీ సెప్పుకుంటా ఉంటాడు" అంది.

"బాగుందమ్మా" అన్నాను.

ఇప్పుడు తిరుపతిలో లైసెన్సు అక్కర్లేని బ్యాటరీ స్కూటర్లు వీధికొక దుకాణంలో అమ్ముతున్నారు. హైబ్రిడ్ కారు కూడా మన దేశానికి వచ్చిందని అంటున్నారు, ధర మనలాంటివాళ్లు అడగాల్సింది కాదు. ఇవన్నీ మంచివే, నాకు ఇప్పటికీ ఇష్టమే. కాకపోతే పెట్రోలు అయిపోతే బంకువాడి దగ్గర కొనుక్కుంటాం. కరెంటు అయిపోతే ఎవరో ఒకరి దగ్గర అడుక్కుంటాం, ఆ ఎవరో దాన్ని దేనికి దాచుకున్నారో మనకు కనబడదు. నాకైతే కనబడింది కూడా. పద్మ వేలు పెట్టి చూపించింది. పదిన్నరకు లేచి ఉంటే రెండున్నర గంటల నీళ్లు ఆ కొన కయ్యలకు అందేవి. ఆ రెండున్నర గంటలు నేను వేప చెట్టు కింద నిద్రపోయాను.

ఈ దారిలో బ్యాటరీ బండి మీద పోయేవాళ్లకు ఒక్క మాట. పాత బ్యాటరీ అయితే పుస్తకంలో రాసిన దూరంలో సగమే లెక్కవేసుకోండి. మోటరు షెడ్డు దగ్గర ఆగాల్సి వస్తే, నీళ్లకు ఇబ్బందా అని రైతును అడగకండి, లేదనే అంటాడు. గట్టు వెంబడి చివరి మడి దాకా నడిచి, మన్ను చేత్తో పట్టుకుని చూసి, అప్పుడు ప్లగ్గు పెట్టండి.